వెర్లిన్ మెడ ఎవరూ ముట్టుకోవద్దు

వెస్టర్‌కెర్క్ ఊళ్ళో మెయిన్ వీధికి అటు పక్క ఒక వెన్నుపూసల వైద్యశాల ఉంటే, ఇటు పక్క ఇంకొకటి. అటుది వెర్లిన్ కూయికర్‌ది, ఇటుది మార్లిస్ ఊల్మన్‌ది. ఇంత చిన్న ఊరికి చేత్తో వెన్నుపూసలు సర్దే కైరోప్రాక్టర్లు ఇద్దరు దేనికని బయటి నుంచి వచ్చినవాళ్ళు నవ్వుతారు గానీ ఊరివాళ్ళు నవ్వరు. పందుల షెడ్లలో దాణా బస్తాలు ఎత్తేవాళ్ళూ, మొక్కజొన్న కోతల్లో తెల్లారిన దగ్గర్నుంచి చీకటి పడేదాకా కంబైన్ యంత్రం మీద కూర్చునేవాళ్ళూ నిండిన పల్లె అది, అమెరికాలో అయోవా రాష్ట్రంలో. ఉత్తర దిక్కున ఒక చర్చి, దక్షిణాన ఇంకో చర్చి, వాళ్ళతో పొసగనివాళ్ళకి మధ్యలో మరొకటి. దేవుడికే అన్ని తలుపులున్న ఊళ్ళో నడుములకి రెండు తలుపులుంటే ఎక్కువా?

బడులు కూడా రెండే. సర్కారు బడికి ఎర్ర జాకెట్, చర్చి బడికి నీలం జాకెట్. శీతాకాలం కుస్తీలప్పుడు ఎర్రవాళ్ళ బెంచీ మీద మార్లిస్, నీలంవాళ్ళ బెంచీ మీద వెర్లిన్ కూర్చుంటారు. పిల్లల వేళ్ళు తొలిగినా, ముక్కుల్లోంచి రక్తం కారినా, మెడలు పట్టేసినా వాళ్ళిద్దరే దిక్కు.

ఆ ఏడు జనవరిలో రెండు బడుల మధ్య పోటీ జరిగింది. నీలం కుర్రాడికి చిటికెన వేలు తొలిగింది. వెర్లిన్ మ్యాట్ మీదకి పరుగెత్తి, వేలు పట్టి ఒక్క లాగు లాగి చోటులో పెట్టాడు. పక్క వేలితో కలిపి కట్టడానికి టేపు తీశాడు. తీసి, రెండు చేతులతో చించబోయాడు. చిరగలేదు. మళ్ళీ చూశాడు. చివరికి నోట్లో పెట్టుకుని పళ్ళతో కొరికాడు.

ఎర్రవాళ్ళ బెంచీ మీంచి మార్లిస్ గొంతు జిమ్ అంతా వినిపించింది.

"ఏమయ్యా వెర్లిన్! మీ ఆవిడ పొద్దున తిండి పెట్టలేదా? టేపు తింటున్నావ్!"

"మీ బడివాళ్ళు కొనే నాసిరకం టేపు కాదమ్మా ఇది! గట్టిది!"

జిమ్ గొల్లుమంది. మార్లిస్ కూడా నవ్వి, కాగితం గిన్నెలోని చిల్లీ మాంసం పులుసులో దాల్చినచెక్క రొట్టె ముంచుకుని తింది. కొరికిన ఆ టేపు ముక్క ఆమెకి మళ్ళీ గుర్తొచ్చింది కోతల కాలంలోనే.

మార్లిస్ గురించి చెప్పాలంటే ఆమె నాన్న హార్మ్ నడుము దగ్గర మొదలుపెట్టాలి. ఆమె చిన్నప్పుడు ఒక కోతల్లో హార్మ్ వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. భోజనాల బల్ల దగ్గర కూడా వంగే ప్రార్థన చేసేవాడు. ఆఖరికి వెర్లిన్ వాళ్ళ నాన్న, పెద్ద కూయికర్ దగ్గరికి తీసుకెళ్ళారు. నాన్న టోపీ పట్టుకుని మార్లిస్ మూల నిలబడింది. పెద్దాయన తన పెద్ద చేతులు రెండూ హార్మ్ నడుం మీద ఆనించాడు. కట్టె విరిగినట్టు ఒక చప్పుడయ్యింది. హార్మ్ నిటారుగా లేచి, కూతురి చేతిలోంచి టోపీ తీసుకుని, తల దించకుండా నెత్తిన పెట్టుకున్నాడు. అంత ఎత్తు నాన్నని ఆ పిల్ల మరిచిపోయి చాలా రోజులైంది.

ఆ తర్వాత ఆమెకి పెళ్ళయ్యింది, పిల్లలు పుట్టి బడికెళ్ళే వయసొచ్చింది. ఒక రాత్రి భోజనాల దగ్గర భర్త గేలెన్‌తో "నేను డేవెన్‌పోర్ట్ వెళ్ళి వెన్నుపూసల చదువు చదువుతా" అంది. గేలెన్ బంగాళాదుంపలు ఒకసారి నమిలి మింగి, "అయితే వంట నేర్పించి వెళ్ళు" అన్నాడు. అంతే మాట్లాడాడు. చర్చి మెట్ల మీద ఆడవాళ్ళు మాత్రం ఏడాది పొడుగునా మాట్లాడుకున్నారు. పిల్లల తల్లికి ఎముకలు విరిచే చదువేంటని ఒకరు, గేలెన్ చేత్తో వండిన కూర తిని పిల్లలు ఎండిపోతున్నారని ఇంకొకరు. చదువు పూర్తిచేసి తిరిగొచ్చి, సరిగ్గా పెద్ద కూయికర్ వైద్యశాల ఎదురుగానే ఆమె తలుపు తెరిచింది. అప్పటికి ఆ పెద్దాయన పోయి, కొడుకు వెర్లిన్ నడిపిస్తున్నాడు.

మొదటి రోజే వెర్లిన్ వీధి దాటొచ్చాడు.

"ఎదురుగా కొట్టు పెట్టేముందు ఒక్క మాట అడగాలనిపించలేదా?"

"అడిగితే వద్దంటావని అడగలేదు."

వెర్లిన్ కోటు విప్పి, కొత్త బల్ల మీద బోర్లా పడుకున్నాడు. "సరే, నా మెడ సర్దు. డేవెన్‌పోర్ట్‌వాళ్ళు నీకేం నేర్పారో చూస్తా."

వాళ్ళ స్నేహం అట్లా మొదలైంది. నీ మెడ నేను సర్దుతా, నా మెడ నువ్వు సర్దు. ఆ వృత్తిలో మెడ అప్పగించడమంటే ఇంటి తాళాలు అప్పగించినట్టే.

చేతిలో లైసెన్సు నిలవాలంటే వాళ్ళు ఎప్పటికప్పుడు కొత్త పాఠాలు వినాల్సిందే. అందుకని డెమోయిన్ నగరంలో ఒక హోటల్లో శని ఆదివారాలు తరగతులు పెడతారు. వచ్చేవాళ్ళలో సగం మంది సంతకం పెట్టి, వెనక వరసలో కూర్చుని, బల్ల కింద ఫోన్లో ఫుట్‌బాల్ చూసుకుంటారు. మార్లిస్ ముందు వరస మనిషి. ప్రశ్నలు అడుగుతుంది, ఆ ప్రశ్నల వల్ల భోజనం ఆలస్యమవుతుంది, వెనకాల నుంచి మూలుగులు వినిపిస్తాయి. "ఎవరి మెడైనా నా చేతిలో పెడుతున్నారంటే నేను నిన్నటి కంటే ఈ రోజు కొంచెం ఎక్కువ తెలుసుకుని ఉండాలి" అనేది ఆమె మాట. ఆ మాట ఆమె నోట విననివాడు వెస్టర్‌కెర్క్‌లో లేడు.

అక్టోబరులో ఇద్దరూ కలిసి వెర్లిన్ ట్రక్కులో బయల్దేరారు. రెండు బళ్ళకి పెట్రోలు దండగని ఎప్పుడూ ఒకే బండిలో వెళ్ళడం వాళ్ళకి అలవాటు. మార్లిస్ చర్చిలో ప్రసంగమప్పుడు పక్కవాళ్ళకి పంచినట్టే జేబులోంచి పెప్పర్‌మెంట్ బిళ్ళ తీసి వెర్లిన్ అరచేతిలో పెట్టింది. బిళ్ళ అతని వేళ్ళ సందులోంచి జారిపోయింది. రెండోది పెట్టింది. అదీ కింద పడింది.

"నీకు చేతులున్నాయా, గడ్డి ఎత్తే పారలున్నాయా?"

"ముసలి కీళ్ళు. హోటల్ చేరాక మెడ సర్దు, అదే సర్దుకుంటుంది. ఈ మధ్య చొక్కా గుండీలు జోలీనే పెడుతోంది."

"సిగ్గు లేదూ?"

"పెళ్ళాం గుండీలు పెడితే సిగ్గేంటి? కుళ్ళుకోకు."

హోటల్ వరండాలో ఎప్పటిలాగే సంత. కాఫీ కప్పులు పట్టుకుని ఒకళ్ళ వెనక ఒకళ్ళు నిలబడి మెడలు సర్దుకుంటున్నారు. బల్లలమ్మే బడ్ రీమర్స్మా కొత్త బల్ల ఒకటి పరిచి, "పడుకోండి, లేవండి, కొనకపోయినా పర్లేదు!" అని అరుస్తున్నాడు. ఆ బల్ల మీద ఎవరో ఒకరు పడుకునే ఉన్నారు. తరగతి మొదలయ్యేలోపు మార్లిస్ కూడా ఎప్పటిలాగే వెర్లిన్ మెడ సర్దింది. "ఆహా, దేవుడి చేతులు" అని అతను లేచాడు.

ఆ రోజు పాఠం నరాల మీద. చెప్పేది మిన్నెసోటా నుంచి వచ్చిన సెల్మా ట్వేట్. పొట్టి మనిషి, మాట వేగం, చేతిలో చిన్న రబ్బరు సుత్తి. మొదటి మాటే సూటిగా చెప్పింది.

"వరండాలో చూశాను మిమ్మల్ని. మీరు ఒకరినొకరు సర్దుకుంటారు. ఒకరినొకరు పరీక్షించుకోరు. పక్కవాడు నీ స్నేహితుడు కాబట్టి వాడికి జబ్బు రాదని మీ నమ్మకం. ఇవాళ పక్కవాణ్ణి మొదటిసారి మీ గుమ్మం తొక్కినవాడిలా చూడండి."

ఎలా చూడాలో చేసి చూపించింది. నడిమి వేలు పట్టుకుని దాని గోరు చివర టక్కున మీటాలి. బొటనవేలు కదలకూడదు. దానంతటదే లోపలికి ముడుచుకుంటే, మెడలో వెన్నుపాముని ఏదో నొక్కుతోందని అర్థం. అలాంటి మెడని చేత్తో విరవడానికి లేదు. ముందు స్కానింగు, తర్వాత శస్త్రవైద్యుడు.

హాలంతా పేకాట దగ్గర చేరినట్టు జంటలు జంటలుగా చేరి, నవ్వుకుంటూ గోళ్ళు మీటుకుంటోంది. మార్లిస్ వెర్లిన్ కుడి చేతి నడిమి వేలు మీటింది.

బొటనవేలు ముడుచుకుంది. పట్టకారు నోరు మూసుకున్నట్టు.

మళ్ళీ మీటింది. మళ్ళీ అంతే. ఎడమ చెయ్యి చూసింది. అదీ అంతే. అందరికీ పంచిన రబ్బరు సుత్తితో మోకాలి మీద తట్టింది. కాలు ఎదురు కుర్చీని తన్నింది.

"గుర్రాన్ని లేపావు" అని వెర్లిన్ నవ్వాడు.

"లేచి, ఆ కార్పెట్ గీత మీద ఒక కాలి మడమకి రెండో కాలి వేళ్ళు ఆనించి నడువు."

నాలుగడుగులు వేశాడో లేదో గీత వదిలి గోడకి చెయ్యి ఆనించాడు. "ఈ కార్పెట్ వేసినవాడు తాగి వేశాడమ్మా."

మార్లిస్ నవ్వలేదు. సెల్మాని పిలిచింది. సెల్మా మొత్తం మళ్ళీ చూసి, అతని భుజం మీద చెయ్యి వేసి, "ఈ వారంలోనే స్కాన్ తీయించుకోండి డాక్టర్. అప్పటిదాకా మీ మెడ ఎవరిచేతా సర్దించుకోకండి" అని నెమ్మదిగా చెప్పింది.

విరామంలో వరండాలోకి రాగానే వెర్లిన్ కోటు విప్పాడు. "ఆవిడ ఇంకా చిన్నపిల్ల. పుస్తకాలు చదివి భయపడింది. నువ్వు కానియ్, మెడ సర్దు."

"సర్దను."

"ఏంటి?"

"సర్దనన్నాను. ఇంక ఎప్పటికీ సర్దనేమో కూడా."

వెర్లిన్ మొహం వాడిపోయింది. ఇన్నేళ్ళలో ఆ మాట వాళ్ళ మధ్య ఎన్నడూ రాలేదు. "సరే. ఈ హోటల్లో చేతులున్నది నీకొక్కదానికేనా?" అని అటు తిరిగి వెళ్ళిపోయాడు.

ఎక్కడికి వెళ్తాడో మార్లిస్‌కి తెలుసు. వెనకే పరుగెత్తింది. బడ్ కొత్త బల్ల మీద వెర్లిన్ బోర్లా పడుకుని, ఊపిరాడడానికి బల్లకి తల దగ్గర చేసిన కంతలో మొహం పెట్టేశాడు. నెబ్రాస్కా నుంచి వచ్చిన ఒక కుర్ర డాక్టర్, గేదెని లొంగదీసేంత భుజాలున్నవాడు, అతని మెడ మీద చేతులు పెడుతున్నాడు.

"చేతులు తియ్యి నాయనా!"

"ఏమైందమ్మా?"

"ఇంకా ఏమీ కాలేదు. కాకుండా చూస్తున్నా."

బల్ల కంతలోంచి నేల కేసి వెర్లిన్ గొంతు వినిపించింది. "మార్లిస్, నువ్వు నా పెళ్ళానివా, మా అమ్మవా?"

"రెండూ కాదు. నీ ఎదురు కొట్టుదాన్ని. నువ్వు మంచాన పడితే నీ రోగులందరూ వీధి దాటి నా దగ్గరికే వస్తారు. నాకు లాభమే. అయినా చెప్తున్నా, లే!"

బడ్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. కుర్ర డాక్టర్ రెండు చేతులూ జేబుల్లో పెట్టేసుకున్నాడు. వెర్లిన్ లేచాడు గానీ ఆమె కేసి చూడలేదు.

అయినా మార్లిస్‌కి నమ్మకం కుదరలేదు. చేతులు దురద పెట్టే మనుషులతో నిండిన హోటల్ అది. "నా మెడ పట్టేసింది" అని వెర్లిన్ ఒక్క మాట అంటే చాలు, నలుగురు చొక్కా చేతులు మడుస్తారు. ఎంతమంది వెనక తిరగ్గలదు? భోజనాల వేళ, పోయిన తాళాల గురించీ అడ్డంగా నిలిపిన బళ్ళ గురించీ చెప్పే మైకు దగ్గరికి తిన్నగా నడిచింది.

"నేను వెస్టర్‌కెర్క్ మార్లిస్ ఊల్మన్‌ని. అదిగో, నీలం చొక్కా, బట్టతల, రెండో చుట్టు ఐస్‌క్రీము తింటున్నాడే, అతను మా వెర్లిన్ కూయికర్. ఈ రెండు రోజులూ వెర్లిన్ మెడ ఎవరూ ముట్టుకోవద్దు. ఎందుకని నన్నడగొద్దు, అతన్నీ అడగొద్దు. ముట్టుకున్నవాళ్ళు నాతో మాట్లాడాలి."

హాలు పగలబడి నవ్వింది. "నీతో మాట్లాడ్డం కంటే మేం చేతులే కట్టేసుకుంటాంలే మార్లిస్!" అని వెనక వరస నుంచి ఒకాయన అరిచాడు. అయితే సెల్మా ట్వేట్ నవ్వలేదు. ఆమె నవ్వకపోవడం చూసి ముందు బల్లవాళ్ళు ఆగారు, తర్వాత మిగతావాళ్ళూ ఆగారు. గదిలో చెంచాల చప్పుడు కూడా తగ్గింది. వెర్లిన్ చెవులు ఎర్రబడ్డాయి. ఐస్‌క్రీము వదిలేసి బయటికి వెళ్ళాడు.

పార్కింగ్ దగ్గర ట్రక్కుకి ఆనుకుని నిలబడ్డాడు. మార్లిస్ పక్కన నిలబడింది.

"పరువు తీశావ్."

"తీశాను. మెడ మిగిలింది కదా."

"నాకు నా చేతులు కాక ఇంకేమున్నాయి మార్లిస్? మా నాన్న నాకిచ్చింది చేతులే. కత్తి అక్కర్లేదు, మా చేతులు చాలని ఊరంతటికీ చెప్పిన నోరిది. ఇప్పుడు నేనే వెళ్ళి నా మెడ మీద కత్తి పెట్టించుకుంటే ఊరు నవ్వదూ?"

"నవ్వనీ. నవ్వినవాళ్ళు నడుం పట్టుకుని మన దగ్గరికే వస్తారు."

"కీళ్ళ నొప్పులే ఇవి."

అప్పుడే ఆమెకి జనవరి నాటి టేపు గుర్తొచ్చింది. అంటే ఇది అప్పటి నుంచే ఉందన్నమాట. "రేపు ఆటల దెబ్బల తరగతి. అందరూ టేపు కట్టాలి. నువ్వు వేళ్ళతో చించు. పళ్ళు వద్దు, కత్తెర వద్దు. చించావంటే నేను నోరు మూసుకుంటా. చించలేకపోతే ట్రక్కు తాళాలు నాకిస్తావు, నేను చెప్పిన చోటికి వస్తావు."

"పందెమా? చర్చికి తెలిస్తే ఇద్దర్నీ బయటికి నెడతారు."

"చర్చికి ఎవరు చెప్తారు?"

ఆదివారం పొద్దున తరగతిలో చీలమండలు, మణికట్లు, వేళ్ళు. ఒక్కొక్కరి ముందూ తెల్ల టేపు చుట్ట పెట్టారు. పాఠం మొదలయ్యాక గదంతా ఒకటే చప్పుడు. చర్ర్. చర్ర్. అటు నుంచి చర్ర్, ఇటు నుంచి చర్ర్. కొత్త గుడ్డల కొట్లో కూర్చున్నట్టుంది. వెర్లిన్ టేపు సాగదీసి రెండు బొటనవేళ్ళ మధ్య పెట్టుకున్నాడు. లాగాడు. మెలిపెట్టాడు. టేపు మడతపడి దానికదే అంటుకుపోయింది. ఇంకో ముక్క తీశాడు. నుదురు చెమట పట్టింది. ఒకసారి అలవాటుగా నోటి దాకా వెళ్ళిన చెయ్యి, మార్లిస్‌ని చూసి ఆగిపోయింది.

మార్లిస్ తన చేతిలోని టేపు చించకుండా అట్లాగే పట్టుకుని కూర్చుంది. అతని పక్కన ఉండి ఆ చప్పుడు చెయ్యడానికి ఆమెకి మనసు రాలేదు.

వెర్లిన్ చుట్టని బల్ల మీద పెట్టేశాడు. జేబులోంచి ట్రక్కు తాళాలు తీసి ఆమె వైపు తోశాడు. ఆ ట్రక్కు స్టీరింగు జోలీన్‌కి కూడా ఎప్పుడూ ఇచ్చి ఎరగడు.

"రెండో గేరు కొంచెం మొరాయిస్తుంది" అన్నాడు మెల్లగా. "గట్టిగా నెట్టకు."

స్కానులో సెల్మా చెప్పిందే కనబడింది. మెడలో రెండు చోట్ల ఎముక పెరిగి వెన్నుపాముని నొక్కుతోంది. ఆపరేషన్ చేసే డాక్టరు ఆ బొమ్మని దీపం ముందు పెట్టి చూసి, "దీని మీద ఇంకొక్క గట్టి విరుపు పడినా, మంచు మీద కాలు జారి పడినా, కాళ్ళూ చేతులూ చెప్పినమాట వినేవి కావు. సరైన వేళకి వచ్చారు. ఎవరు పట్టుకున్నారు దీన్ని?" అన్నాడు.

"మా ఊరి డాక్టర్" అన్నాడు వెర్లిన్. జోలీన్ తర్వాత ఆ సంగతి చర్చి మెట్ల మీద అందరికీ చెప్పింది. "మెడకి పట్టీ వేసుకుని మంచం మీద కూర్చుని కూడా ఛాతీ విరుచుకుని చెప్పాడమ్మా, తనే కనిపెట్టినట్టు!" పూర్వం గేలెన్ కూర గురించి మాట్లాడిన మెట్లే అవి. ఆ రోజు అక్కడ మార్లిస్‌ని ఒక్క మాట అనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఒకావిడ మాత్రం, "ఆ పిల్ల చిన్నప్పుడే మూల నిలబడి అన్నీ చూసేది, నేనప్పుడే అనుకున్నా" అంది. ఆవిడ అప్పట్లో అనుకున్నది వేరు. పోనీలే.

ఆ చలికాలమంతా మార్లిస్ వీధికి రెండు పక్కలా తిరిగింది. పొద్దున తన రోగులు, మధ్యాహ్నం వెర్లిన్ రోగులు. ఎవరూ ఆమె వైపుకి మారిపోకుండా, అతని గదిలోనే, అతని బల్ల మీదే చూసింది. కుస్తీలప్పుడు నీలంవాళ్ళ బెంచీ మీద కూడా కూర్చోవాల్సొచ్చింది. మొదటి రోజు ఎర్ర జాకెట్‌తో వెళ్ళి కూర్చుంటే పిల్లలు ఒకళ్ళనొకళ్ళు పొడుచుకున్నారు. రెండోసారికి చర్చి బడివాళ్ళు ఒక నీలం జాకెట్ తెచ్చి భుజాల మీద వేశారు. ఎదురు బెంచీ నుంచి ఎర్రవాళ్ళు "ద్రోహి! ద్రోహి!" అని అరిచారు. మార్లిస్ వెనక్కి తిరిగి జాకెట్ వీపు చూపించి, ఎర్రవాళ్ళకి వంగి నమస్కారం పెట్టింది. ఆ వారమంతా ఊళ్ళో అదే కబురు.

ఆపరేషన్ అయ్యాక వెర్లిన్ చేతులు ఒక్కసారిగా తిరిగి రాలేదు. మొదట చెంచా నిలిచింది. తర్వాత గుండీలు. జోలీన్ గుండీలు పెట్టబోతే చెయ్యి తోసేశాడట, ఆమెకి ఆ రోజు సంతోషంతో పాటు కాస్త కోపమూ వచ్చిందట. వేసవిలో గీత మీద నడిచాడు, అదీ తన ఇంటి ముందు కాంక్రీటు మీద, "ఈ నేల వేసినవాడు తాగలేదు" అంటూ. అక్టోబరులో మళ్ళీ డెమోయిన్ వెళ్ళారు. ఈసారి వెర్లిన్ ముందు వరసలో మార్లిస్ పక్కన కూర్చుని ఆమె కంటే ఎక్కువ ప్రశ్నలు అడిగాడు. భోజనం ఇంకా ఆలస్యమైంది. వరండాలో బడ్ అతన్ని చూసి బల్ల ముందు రెండు చేతులూ అడ్డం పెట్టి, "నీకు మాత్రం అమ్మను!" అన్నాడు.

ఆ తర్వాత జనవరిలో మళ్ళీ రెండు బడుల పోటీ. జిమ్ నిండా చిల్లీ వాసన. మార్లిస్ ఎర్ర జాకెట్‌తో తన బెంచీ మీద ఉంది. ఎదురుగా నీలం జాకెట్‌తో వెర్లిన్. మెడ నిటారుగా ఉంది, పక్కకి చూడాలంటే భుజాలతో సహా తిరుగుతున్నాడు. ఆట మధ్యలో నీలం కుర్రాడొకడు చెయ్యి పట్టుకుని కూలబడ్డాడు. మళ్ళీ వేలే. వెర్లిన్ మ్యాట్ మీదకి నడిచాడు. పరుగెత్తలేదు, నడిచాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వేలు చోటులో పెట్టాడు. జేబులోంచి టేపు చుట్ట తీశాడు.

మార్లిస్ చిల్లీ గిన్నె పక్కన పెట్టేసింది. ఎర్రవాళ్ళ కోచ్ ఏదో అడుగుతున్నాడు. ఆమెకి వినబడలేదు.

వెర్లిన్ టేపు సాగదీశాడు. బొటనవేళ్ళు రెండూ దగ్గరికి చేర్చాడు. ఒకసారి తల తిప్పి, భుజాలతో సహా తిప్పి, జిమ్ అవతలి వైపుకి చూశాడు.

చర్ర్.

ఆ అరుపుల్లో ఇంకెవరికైనా వినబడిందో లేదో గానీ, మార్లిస్‌కి వినబడింది. కుర్రాడి వేలికి కట్టు కట్టేముందు ఆ ముక్కని వెర్లిన్ జెండాలా పైకెత్తి పట్టుకున్నాడు.

"ఏమ్మా! ఇవాళ తిండి తినే వచ్చా!"

జిమ్‌లో సగం మందికి ఆ మాట ఏంటో అర్థం కాలేదు. మార్లిస్ బెంచీ మీద నుంచి లేచి నిలబడి, ఎర్ర జాకెట్‌తో, శత్రువుల డాక్టర్‌కి చప్పట్లు కొట్టింది. ముందు ఒక్కతే. తర్వాత నీలంవాళ్ళు. ఎందుకో తెలియకుండానే ఎర్రవాళ్ళు కూడా.

కూర్చున్నాక జేబులోంచి పెప్పర్‌మెంట్ బిళ్ళలు రెండు తీసింది. ఒకటి నోట్లో వేసుకుంది. రెండోది మ్యాట్ మీదుగా గురిచూసి విసిరింది.

వెర్లిన్ ఒంటి చేత్తో పట్టుకున్నాడు.